ఫిజీ ఫుట్‌బాల్ రికార్డును ఎలా చదవాలి?

2015 జులైలో ఫిఫా ప్రకటించిన పురుషుల ర్యాంకింగ్‌లో ఫిజీ స్థానం 199. ఆ జట్టు అంతకన్నా కిందికి ఎన్నడూ పడిపోలేదు. సరిగ్గా అదే నెలలో ఫిజీ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కు అర్హత సాధించింది. అంతకు నెల ముందు ఫిజీ కుర్రాళ్లు అండర్-20 ప్రపంచకప్‌లో హోండురస్‌ను 3–0తో ఓడించారు. ఒక దేశపు ఫుట్‌బాల్ ఒకే సమయంలో అథమ స్థితిలోనూ అత్యున్నత స్థితిలోనూ ఎలా ఉంటుంది?

ఫిజీ రికార్డు నిండా ఇలాంటి చిక్కుముళ్లే. 24–0తో గెలిచిన మ్యాచ్ ఉంది, 13–0తో ఓడిన మ్యాచ్ ఉంది. ఆస్ట్రేలియాను ఓడించిన రోజు ఉంది, జర్మనీ చేతిలో పది గోల్స్ తిన్న రోజూ ఉంది. అంకెలను వరసగా పేర్చి చూస్తే తలాతోకా దొరకదు. ఏ జట్టు ఆడింది, ఎవరిమీద, ఏ పోటీలో, ఆ దారిలో ఇంకెవరున్నారు అన్నవి పక్కన పెట్టుకుంటేనే ఆ అంకెలకు అర్థం వస్తుంది.

‘ఫిజీ జట్టు’ అంటే ఏ జట్టు?

గందరగోళంలో సగం ఇక్కడే పుడుతుంది. సీనియర్ జాతీయ జట్టుకు వయసు పరిమితి లేదు. ప్రపంచకప్ అర్హత పోటీలు, ఓషియానియా (న్యూజిలాండ్, పసిఫిక్ దీవుల ప్రాంతం) నేషన్స్ కప్ ఆడేది ఆ జట్టే. ఫిఫా ర్యాంకు కూడా దానిదే. ఒలింపిక్స్ పురుషుల ఫుట్‌బాల్ మాత్రం 23 ఏళ్లలోపు వారి పోటీ. ప్రధాన టోర్నీలో ముగ్గురు పెద్దవాళ్లను తీసుకోవచ్చు. అండర్-20 ప్రపంచకప్ సంగతి పేరులోనే ఉంది. ఈ రెండు కుర్ర జట్లు ఏం సాధించినా సీనియర్ జట్టు ర్యాంకులో ఒక్క పాయింటు కూడా చేరదు.

పసిఫిక్ క్రీడలు ఈ విభజనను మరింత చిక్కు చేస్తాయి. నాలుగేళ్లకోసారి జరిగే ఈ క్రీడల్లో ఫుట్‌బాల్ కొన్నిసార్లు సీనియర్ల పోటీ. 2007లో అయితే అదే ప్రపంచకప్ అర్హత పోటీల తొలి దశ కూడా. 2015లో దాన్ని ఒలింపిక్ అర్హత కోసం అండర్-23 పోటీగా మార్చారు. అందుకే ‘పసిఫిక్ క్రీడల్లో ఫిజీ’ అన్న ఒకే శీర్షిక కింద వేర్వేరు జట్ల ఫలితాలు కలిసిపోయి కనిపిస్తాయి.

అసలు ప్రశ్నకు సులభమైన జవాబు ఇది: సీనియర్ జట్టు ఇంతవరకు ప్రపంచకప్ ప్రధాన టోర్నీకి వెళ్లలేదు. ఒలింపిక్స్‌కు, అండర్-20 ప్రపంచకప్‌కు మాత్రం ఫిజీ వెళ్లింది.

చెరకు ఊళ్లలో వేళ్లూనిన ఆట

1879 నుంచి 1916 వరకు సుమారు 60,000 మంది భారతీయులను కూలి ఒప్పందం మీద ఫిజీకి తీసుకెళ్లారు. మొదట్లో ఓడలు కలకత్తా నుంచే వెళ్లేవి. 1903 నుంచి మద్రాసు రేవు కూడా తోడైంది. అలా వెళ్లినవారిలో కృష్ణా, గోదావరి, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లంతా ఎక్కువగా చెరకు తోటల్లో, మిల్లుల చుట్టూ స్థిరపడ్డారు. బా, లౌటోకా, లబాసా, రేవా వంటి ప్రాంతాల పేర్లు ఫిజీ చక్కెర చరిత్రలోనూ కనిపిస్తాయి, ఫుట్‌బాల్ చరిత్రలోనూ కనిపిస్తాయి. ఇది కాకతాళీయం కాదు.

1938లో ఏర్పడిన జాతీయ సంఘం పేరే ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్. అదే ఏడాది జిల్లా జట్ల మధ్య పోటీ మొదలుపెట్టారు. మొదటి కప్పు రేవాకు దక్కింది. ఆ అంతర్ జిల్లా పోటీని ఫిజీలో అందరూ ‘ఐడీసీ’ అనే పిలుస్తారు. ఇప్పటికీ అది అక్కడ జాతరే. మన దగ్గర ఊరి తిరునాళ్లకు బంధువులు దిగినట్టు ఆక్లాండ్, సిడ్నీ, వాంకూవర్‌లలో స్థిరపడిన ఫిజీ భారతీయులు ఆ వారానికి సెలవు పెట్టి దిగుతారు. నల్ల దుస్తుల బా జట్టు 1975 నుంచి 1980 దాకా వరసగా ఆరుసార్లు ఆ కప్పు ఎత్తుకెళ్లింది. ఇవి కాక దక్షిణ భారతీయుల ‘సంగం’, ముస్లిం సంఘాలు విడిగా నడుపుకునే టోర్నీలున్నాయి. 1926లో నాడి పట్టణంలో పుట్టిన సంగంలో తమిళులు, తెలుగువాళ్లు, మలయాళీలు ఉండేవారు. 1941లో తెలుగువాళ్లు ఆంధ్ర సంగం పేరుతో వేరే సంస్థ పెట్టుకున్నారు.

ఫిజీ మూలవాసులైన ఇతౌకేయి ప్రజలకు ప్రాణం మాత్రం రగ్బీ. 1960ల తొలినాళ్లలో ఫుట్‌బాల్ సంఘం పేరులోంచి ‘ఇండియన్’ అన్న మాట తీసేసి అందరికీ తలుపులు తెరిచారు. ఆ తర్వాత మైదానంలో ఇతౌకేయి ఆటగాళ్ల సంఖ్య క్రమంగా పెరిగి వాళ్లే ఎక్కువయ్యారు. నిర్వహణ, డబ్బు, ప్రేక్షకుల గొంతు చాలావరకు భారతీయ సంతతి వైపే ఉండిపోయాయి. ఈ అమరిక మీద ఫిజీలో అభిప్రాయభేదాలున్నాయి. రెండు జాతులు నిజంగా కలిసి నడిచే అరుదైన చోటు ఇదని కొందరంటారు. ఆడేదొకరు, ఆడించేదొకరు అన్న అసౌకర్యం అలాగే ఉందని ఇంకొందరంటారు. రెండింటికీ ఆధారాలున్నాయి కాబట్టి ఒకదాన్ని కొట్టేయడం కష్టం.

24–0, 13–0: ఈ అంకెల వెనక ఏముంది?

ఫిజీ తొలి అంతర్జాతీయ మ్యాచ్ 1951 అక్టోబరు 7న రాజధాని సువాలో జరిగింది. ప్రత్యర్థి న్యూజిలాండ్. స్కోరు 4–6. ఓడినా నాలుగు గోల్స్ కొట్టిన జట్టును తీసిపారేయలేం.

1979లో దక్షిణ పసిఫిక్ క్రీడలు ఫిజీలోనే జరిగాయి. అక్కడ కిరిబాటిని 24–0తో ఓడించారు. ఫిజీ అతిపెద్ద విజయం ఇదే. కానీ కిరిబాటి ఫిఫా సభ్యదేశం కాదు, నేటికీ కాదు. ఓషియానియా సమాఖ్యలో దానిది అనుబంధ సభ్యత్వం మాత్రమే. టువాలుదీ అదే స్థితి. ఈ సమాఖ్యలో ఫిఫా సభ్యత్వం ఉన్నవి మొత్తం 11 జట్లు: న్యూజిలాండ్, ఫిజీ, సాల్మన్ దీవులు, పాపువా న్యూగినీ, వనువాటు, న్యూకలెడోనియా, తాహితి, సమోవా, అమెరికన్ సమోవా, టోంగా, కుక్ దీవులు. ఫిఫా బయటి జట్టును ఎన్ని గోల్స్ తేడాతో ఓడించినా ర్యాంకింగ్ లెక్కకు అది అక్కరకు రాదు. 2007లో విచిత్రం జరిగింది. ఫిఫా సభ్యత్వం లేని టువాలు పసిఫిక్ క్రీడల్లో ఆడింది. ఆ క్రీడలే ప్రపంచకప్ అర్హత దశ కూడా కావడంతో సభ్యత్వం లేకుండానే ఆ పోటీల్లో ఉన్నట్టయింది. ఫిజీ దాన్ని 16–0తో ఓడించింది.

ఇక రెండో కొస. 1982 ప్రపంచకప్ అర్హత పోటీల్లో ఫిజీ, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఇండోనేషియా, తైవాన్ ఒకే గ్రూపు. 1981 ఆగస్టులో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా చేతిలో 10–0తో ఓడిన ఫిజీ, ఆగస్టు 16న ఆక్లాండ్‌లో న్యూజిలాండ్ చేతిలో 13–0తో చిత్తయింది. ఫిజీకి ఇంతటి ఓటమి మళ్లీ ఎదురుకాలేదు. అదే గ్రూపులో తైవాన్‌ను ఓడించిందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆ న్యూజిలాండ్ జట్టే చివరికి స్పెయిన్‌లో ప్రపంచకప్ ఆడింది. ప్రయాణ బడలికతో దిగిన ఔత్సాహికుల జట్టు తన ప్రాంతంలోని అత్యుత్తమ తరాన్ని ఎదుర్కొంది. ఆ 13 గోల్స్‌లో బలహీనత ఎంత, సందర్భం ఎంత అన్నది విడదీసి చెప్పలేం.

నాడిలో ఆస్ట్రేలియా ఓడిన రోజు

1988 నవంబరు 26. 1990 ప్రపంచకప్ అర్హత పోటీ. ఆ ఏడాది ఆస్ట్రేలియా మామూలు జట్టు కాదు. జులైలో సిడ్నీలో ప్రపంచ విజేత అర్జెంటీనాను 4–1తో ఓడించింది. సియోల్ ఒలింపిక్స్‌లో యుగోస్లావియాను ఓడించి క్వార్టర్‌ఫైనల్ చేరింది. ఆ ఊపుమీద నాడికి వచ్చి 0–1తో ఓడిపోయింది. గోల్ కొట్టింది రవుయామా మదిగి. ఫిజీ ఫుట్‌బాల్‌లో తరాలు మారినా చెదరని పేరది.

గెలిచాక కూడా ఫిజీ ముందుకు ఎందుకు వెళ్లలేదు? అది రెండు అంచెల పోటీ. రెండు జట్లూ చెరోసారి సొంతగడ్డ మీద ఆడతాయి, రెండు స్కోర్లనూ కలుపుతారు. వారం తర్వాత ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో ఫిజీ 1–5తో ఓడింది. నాడిలోని 1, అక్కడి 1 కలిపి ఫిజీకి 2. ఆస్ట్రేలియాకు 0, 5 కలిపి 5. చరిత్ర పుస్తకంలో ఒక గెలుపు, ఒక ఓటమి సమానంగా ఉంటాయి. పోటీ లెక్కలో మాత్రం 5–2, ఫిజీ ఇంటికి.

ఈ మ్యాచ్‌కు ముందు ఏడాదిని మరిచిపోకూడదు. 1987లో ఫిజీలో రెండు సైనిక తిరుగుబాట్లు జరిగాయి. భారతీయ సంతతి వారు పెద్ద సంఖ్యలో దేశం వదిలి వెళ్లడం మొదలైంది. 1986 జనగణనలో జనాభాలో దాదాపు సగం ఉన్నవాళ్లు 2007 నాటికి 37 శాతానికి తగ్గారు. ఫుట్‌బాల్‌ను సొంత ఖర్చుతో మోసిన కుటుంబాల్లో ఒక భాగం అలా ఆక్లాండ్, సిడ్నీలకు తరలిపోయింది.

న్యూజిలాండ్ అడ్డు లేనప్పుడు

2006లో ఆస్ట్రేలియా ఓషియానియాను వదిలి ఆసియా సమాఖ్యలో చేరింది. దాంతో దీవులకు దారి సులువవుతుందని చాలామంది అనుకున్నారు. జరిగిందేమిటంటే, రెండు కొండల్లో ఒకటి తొలగి రెండోది ఒంటరిగా మిగిలింది.

ఫిజీ గొప్ప సందర్భాలను ఈ కోణంలో చూడండి. 2015 అండర్-20 ప్రపంచకప్‌కు న్యూజిలాండే ఆతిథ్యమిచ్చింది. ఆతిథ్య దేశానికి నేరుగా చోటుంటుంది కాబట్టి ఓషియానియా అర్హత టోర్నీలో ఆ జట్టు లేదు. ఫిజీ ఆ టోర్నీ గెలిచి వెళ్లింది. అదే ఏడాది పాపువా న్యూగినీలోని పోర్ట్ మోర్స్‌బీ పసిఫిక్ క్రీడల్లో ఒలింపిక్ అర్హత సెమీఫైనల్లో న్యూజిలాండ్ వనువాటును 2–0తో ఓడించింది. అయితే అర్హత లేని ఆటగాణ్ని దించిందన్న ఫిర్యాదుపై అనర్హత వేటు పడింది. ఫైనల్లో ఫిజీకి ఎదురైంది వనువాటు. గోల్ లేకుండా ముగిసిన మ్యాచ్‌లో పెనాల్టీ షూటౌట్‌లో ఫిజీ 4–3తో గెలిచింది.

అంటే ఇవి అదృష్టంతో వచ్చినవేనా? అలా అనడమూ అన్యాయమే. న్యూజిలాండ్ లేకపోవడం దారి ఇచ్చింది, నిజమే. క్రైస్ట్‌చర్చ్‌లో హోండురస్‌ను 3–0తో ఓడించింది మాత్రం ఎవరి దయతోనో కాదు. ఆ జట్టే జర్మనీతో 1–8, ఉజ్బెకిస్తాన్‌తో 0–3తో ఓడిందన్నదీ నిజమే.

2008 సంగతి ఇంకా ఆసక్తికరం. 2006 సైనిక తిరుగుబాటు తర్వాత ఫిజీ సైన్యానికి సంబంధించినవారిపై న్యూజిలాండ్ ప్రయాణ ఆంక్షలు పెట్టింది. ఫిజీ గోల్‌కీపర్‌కు కాబోయే మామగారు సైన్యంలో ఉన్నారన్న కారణంగా అతనికి వీసా ఇవ్వలేదు. దాంతో రెండు జట్ల మధ్య జరగాల్సిన 2010 ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌ను ఫిఫా ఆపింది. న్యూజిలాండ్ గడ్డమీద జరగాల్సిన ఆ మ్యాచ్ చివరికి 2008 నవంబరు 19న ఫిజీలోని లౌటోకాలో జరిగింది. ఫిజీ 2–0తో గెలిచింది. అప్పటికే న్యూజిలాండ్ గ్రూపులో మొదటి స్థానం ఖాయం చేసుకుంది కాబట్టి ఫలితం వల్ల పట్టికలో ఏమీ మారలేదు. కానీ ఆ న్యూజిలాండ్ జట్టు 2010 ప్రపంచకప్‌లో ఇటలీతో సహా మూడు మ్యాచ్‌లనూ డ్రా చేసుకుని, ఆ టోర్నీలో ఒక్క ఓటమీ లేని ఏకైక జట్టుగా ఇంటికి వెళ్లింది.

రియోలో ఏం జరిగింది?

2016 ఒలింపిక్స్‌లో ఫిజీ దక్షిణ కొరియాతో 0–8, మెక్సికోతో 1–5, జర్మనీతో 0–10తో ఓడింది. మూడు మ్యాచ్‌లు, 23 గోల్స్. ఈ మొత్తమే అందరికీ గుర్తుంది. మెక్సికో మ్యాచ్‌ను మాత్రం కాస్త దగ్గరగా చూడాలి. మెక్సికో 2012 లండన్ స్వర్ణ విజేత. బ్రెజిల్‌లోని సాల్వడార్ నగరంలో జరిగిన ఆ మ్యాచ్ పదో నిమిషంలో కెప్టెన్ రాయ్ కృష్ణ గోల్ కొట్టాడు. విరామానికి ఫిజీ 1–0తో ముందుంది. తర్వాతి సగంలో మెక్సికో అయిదు గోల్స్ కొట్టింది. అందులో నాలుగు ఎరిక్ గుటియెర్రెస్‌వే. నైపుణ్యంలో తేడా మొదటి సగంలోనూ ఉంది. అయితే వృత్తి ఆటగాళ్లకూ అరకొర వృత్తి ఆటగాళ్లకూ మధ్య తేడా ఎక్కువగా బయటపడేది చివరి అరగంటలోనే, ఊపిరి అందనప్పుడు.

ఆగస్టు 10న జర్మనీ చేతిలో పది గోల్స్. మర్నాడు, ఆగస్టు 11న అదే దేశపు రగ్బీ సెవెన్స్ జట్టు ఫైనల్లో బ్రిటన్‌ను 43–7తో ఓడించి ఫిజీకి తొట్టతొలి ఒలింపిక్ పతకం, అదీ స్వర్ణం తెచ్చింది. ఆ గెలుపు గుర్తుగా ఫిజీ ఏకంగా ఏడు డాలర్ల నోటు ముద్రించింది. పాపం, ఫుట్‌బాల్ జట్టు ఇంటికి వచ్చినట్టు ఎవరైనా గమనించారో లేదో.

199వ ర్యాంకు లెక్క

2018కి ముందు ఫిఫా పద్ధతిలో ర్యాంకుకు నాలుగేళ్ల మ్యాచ్‌లు తీసుకునేవారు. గడిచిన పన్నెండు నెలల సగటు పాయింట్లకు పూర్తి విలువ. అంతకు ముందు ఏడాదికి 50 శాతం, ఆపై 30, ఆపై 20. ఒక జట్టు ఒక ఏడాది బాగా ఆడి సగటున 200 పాయింట్లు తెచ్చుకుందనుకుందాం. తర్వాత ఆట మానేసిందనుకుందాం. ఏడాది తిరిగేసరికి ఆ 200 కాస్తా 100 అవుతుంది, తర్వాత 60, తర్వాత 40, చివరికి సున్న. ఒక్క మ్యాచ్ ఓడకుండానే అట్టడుగుకు చేరవచ్చు.

ఫిజీకి జరిగింది దాదాపు ఇదే. 2012 ఓషియానియా కప్ తర్వాత సీనియర్లకు చెప్పుకోదగ్గ పోటీలు లేవు. సీనియర్లకు ఆధారమయ్యే పసిఫిక్ క్రీడలు 2015లో కుర్రాళ్లకు వెళ్లాయి. తర్వాతి ఓషియానియా కప్ 2016లో. మధ్యలో స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడాలంటే పసిఫిక్ మీద విమాన ఖర్చు మామూలుగా ఉండదు. అందువల్ల 199 అన్న అంకె సీనియర్లు ఎంత చెడ్డగా ఆడారో చెప్పదు, ఎంత తక్కువగా ఆడారో చెబుతుంది. 1994 జులైలో ఇదే జట్టు 94వ ర్యాంకులో ఉండేది.

2018 నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు ప్రతి మ్యాచ్‌కు ముందు రెండు జట్ల పాయింట్ల తేడాను బట్టి గెలుపు అంచనా కడతారు. ఊహకోసం ఫిజీకి 1,000, న్యూజిలాండ్‌కు 1,300 అనుకుందాం. 300 తేడాకు సూత్రం ప్రకారం ఫిజీ అంచనా 0.24. ప్రపంచకప్ అర్హత పోటీకి విలువ 25. ఫిజీ గెలిస్తే 25ను 0.76తో గుణించి 19 పాయింట్లు. డ్రా అయితే 6.5. ఓడితే పోయేది 6 మాత్రమే. 1–0తో ఓడినా 7–0తో ఓడినా అంతే, గోల్స్ తేడాను ఈ సూత్రం పట్టించుకోదు. ఫిఫా నిర్దేశించిన తేదీల బయట జరిగే స్నేహపూర్వక మ్యాచ్ విలువ 5 మాత్రమే కనుక అదే గెలుపుకు 3.8 వస్తుంది. ఆడకపోతే పాయింట్లు కరగవు. ఇది దీవులకు మేలే, కానీ ఆడకుండా పైకెక్కే దారి కూడా లేదు.

ఎందుకు ఇంతవరకే?

రగ్బీ మంచి క్రీడాకారులందరినీ లాక్కుపోతోందన్నది ఎక్కువగా వినిపించే వాదన. కొంత నిజముంది. ఫుట్‌బాలే మొదటి ఆటగా ఉన్న సాల్మన్ దీవులు, తాహితి కూడా సీనియర్ ప్రపంచకప్ చూడలేదు. మరోవైపు న్యూజిలాండ్‌లో రగ్బీ మోజు ఫిజీకి తీసిపోదు. కాబట్టి రగ్బీ ఒక్కదాని మీద నెట్టేయలేం.

వలసే కారణమని మరో వాదన. ప్రేక్షకుల్లో, దాతల్లో లోటు కనిపిస్తుంది. అయితే 2003 సువా పసిఫిక్ క్రీడల్లో న్యూకలెడోనియాను 2–0తో ఓడించి స్వర్ణం గెలిచినది, 2008 ఓషియానియా కప్‌లో మూడో స్థానం వచ్చినది వలసల తర్వాతే.

నాకు ఎక్కువ బలంగా కనిపించేది మూడోది: ఆడే మ్యాచ్‌ల సంఖ్య, వాటి నాణ్యత. లబాసాలో పుట్టిన రాయ్ కృష్ణ, ఆస్ట్రేలియా లీగ్‌లో ఆడే న్యూజిలాండ్ క్లబ్ వెల్లింగ్టన్ ఫీనిక్స్ తరఫున 2018–19లో ఆ లీగ్‌లో అత్యధిక గోల్స్ కొట్టాడు. ఆ తర్వాత మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో తొలి సీజన్‌లోనే 15 గోల్స్ చేసి కోల్‌కతా క్లబ్ ఏటీకేను విజేతగా నిలిపాడు. ఏడాది పొడవునా గట్టి మ్యాచ్‌లు దొరికితే ఫిజీ ఆటగాడు ఎంతదూరం వెళ్లగలడో చెప్పే ఉదాహరణ అది. ఒక్క ఆటగాడితో సిద్ధాంతం నిలబడదనే అభ్యంతరం కూడా సరైనదే. అంతటివాడు ఇంకొకడు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు ఈ వాదన దగ్గర పూర్తి జవాబు లేదు.

2026 తర్వాత లెక్క

ఇదివరకు ఓషియానియా విజేతకు నేరుగా చోటు ఉండేది కాదు. వేరే ఖండపు జట్టుతో మరో గండం గట్టెక్కాలి. 48 జట్లతో జరిగే 2026 ప్రపంచకప్‌కు తొలిసారి ఈ సమాఖ్యకు ఒక నేరు స్థానం ఇచ్చారు. రన్నరప్‌కు ఖండాంతర ప్లేఆఫ్ అవకాశం. ఫిజీ సెమీఫైనల్ దాకా వెళ్లింది. 2025 మార్చి 21న వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్ చేతిలో 0–7తో ఓడింది. రెండో సెమీఫైనల్లో తాహితిని ఓడించిన న్యూకలెడోనియా ఫైనల్లో 0–3తో ఓడినా ప్లేఆఫ్ దక్కించుకుంది. ఫిజీ అటువైపు సెమీఫైనల్లో పడి ఉంటే పోరు మరోలా ఉండేది. సెమీఫైనల్ ప్రత్యర్థి ఎవరన్నది గ్రూపులోని స్థానాన్ని బట్టే తేలుతుంది కాబట్టి ఒక స్థానం అటూఇటూ కావడం ఇప్పుడు అంత ఖరీదైన విషయం.

2026 జనవరిలో ఓషియానియా ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది. ఎనిమిది క్లబ్బుల్లో ఫిజీది బులా ఎఫ్‌సీ. ఆక్లాండ్, సౌత్ ఐలాండ్, సౌత్ మెల్‌బోర్న్ జట్లతో ఫిజీ ఆటగాళ్లు ఇప్పుడు ఒకే లీగ్‌లో తలపడతారు. ఇంతకుముందు అలాంటి ప్రత్యర్థులు ఎదురయ్యేది ఓషియానియా చాంపియన్స్ లీగ్ లాంటి చిన్న టోర్నీల్లోనే. 2007లో బా జట్టు దాని ఫైనల్లో న్యూజిలాండ్ క్లబ్ వైటాకెరె యునైటెడ్‌తో రెండు అంచెల మొత్తం స్కోరు సమానంగా ఉన్నా, ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టునే విజేతగా ప్రకటించే నిబంధన వల్ల కప్పు పోగొట్టుకుంది. ఇక జిల్లాల్లో నలుగుతున్న ప్రశ్న వేరే: ప్రొఫెషనల్ లీగ్‌కు వెళ్లిన మేటి ఆటగాళ్లను ఐడీసీ వారానికి జిల్లా జట్లు తిరిగి అడిగితే, ఎవరి మాట చెల్లాలి?